శేషాద్రి తాత వెళ్ళొస్తానన్నాడు

శేషాద్రి తాత పుట్టిందే నిలబడటానికి. చీరాల డిపోలో కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ కదిలే బస్సులో నిలబడ్డాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. కూర్చుంటే వెనకవాళ్ళు టిక్కెట్టు తీసుకోకుండా దిగిపోతారని అనుమానం. రిటైరయ్యాక ఇక కూర్చోవచ్చు అనుకునే సరికి కొడుకు భార్గవ్ వచ్చి మెల్‌బోర్న్ తీసుకుపోయాడు. అక్కడ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని చూశాడు. కూర్చోవడం చేతకాలేదు. ఆ ఊళ్ళోనే వెర్రిబీ అనే పేటలో ఒక ప్రైమరీ స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగంలో చేరిపోయాడు.

ఒంటి మీద మెరిసే నారింజరంగు కోటు, నెత్తిన వెడల్పాటి టోపీ, మెడలో విజిల్, చేతిలో కర్రకి బిగించిన గుండ్రటి స్టాప్ బోర్డు. ఆ బోర్డు పుల్లమిఠాయిలా ఉంటుందని ఇక్కడి పిల్లలు ఆయన్ని లాలీపాప్ మ్యాన్ అంటారు. తాతకి ఆ పేరంటే ఇష్టమే, కానీ చీరాల్లో ఎవరికీ చెప్పడు. ఫోన్లో ఎవరైనా అడిగితే "ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్లో ఉన్నాను" అంటాడు. అప్పుడు విజిల్ వేస్తే బస్సు కదిలేది, ఇప్పుడు విజిల్ వేస్తే పిల్లలు కదులుతారు. పెద్ద తేడా లేదు, బస్సు కొంచెం మాట వినేది.

ఉద్యోగం చిన్నదే. కానీ చలికాలం మొదలయ్యిందంటే ఆ రోడ్డు మీద వీచే గాలి ప్యాంటులోంచి, దాని కింద కాళ్ళకి చుట్టుకున్న పాత శాలువాలోంచి, తిన్నగా మోకాళ్ళలోకి దూరుతుంది. శుక్రవారం వచ్చేసరికి తాత నడక చూస్తే ఎవరో ఆయన్ని లోపల్నుంచి తాళ్ళు కట్టి లాగుతున్నట్టు ఉంటుంది. అందుకని శనివారం అంటే ఆయనకి మంచం. కింద ముందుగదిలో హీటరు పెట్టుకుని, తలుపు వేసుకుని, మెడ దాకా దుప్పటి లాక్కుని పడుకుంటాడు. ఇంట్లో రోజంతా హీటరు ఆడే గది అదొక్కటే. పగలు మిగతా గదుల్లో ఎవరూ ఉండరు కాబట్టి కోడలు అమృత పొద్దున్నే అన్నీ ఆపేసి వెళ్ళిపోతుంది.

ఆ గదిలో ఒకప్పుడు రెండు మంచాలుండేవి. ఆయన భార్య సుగుణ మామ్మ పోయాక ఒకటి తీసేశారు. తీసేసిన చోటు అలాగే ఖాళీగా ఉంది. ఒకసారి అమృత అక్కడ ఇస్త్రీ బల్ల పెడతానంది. "వద్దమ్మా, నేను అటూ ఇటూ నడవడానికి కావాలి" అన్నాడు తాత. ఆయన అక్కడ నడవగా ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఆ ఖాళీ మీద మనవరాలు అక్షర కన్ను పడింది. అక్షరకి పాము కావాలి.

కుక్క కాదు, పిల్లి కాదు, పామే కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. ముందు అమృత లొంగింది, బొచ్చు రాలదు కదా అని. తర్వాత భార్గవ్ లొంగి, పాముని పెంచుకోవడానికి కావలసిన లైసెన్సు కూడా తెప్పించాడు. అంతా అయ్యాక, ఇల్లు చల్లగా ఉంటే పాము సరిగ్గా తినదనీ, వెచ్చటి గది కావాలనీ అక్షరే ఎక్కడో చదివి చెప్పింది. వెచ్చటి గది ఎవరిదో అందరికీ తెలుసు. భార్గవ్ వెంటనే చేతులు దులిపేసుకున్నాడు.

"తాతయ్య ఒప్పుకుంటేనే. ఆయన గది, ఆయన ఇష్టం."

తాత ఒప్పుకోడని భార్గవ్ ధైర్యం. తాత కూడా మొదట్లో ధైర్యంగానే ఉన్నాడు. అక్షర అడిగిన ప్రతిసారీ "చూద్దాంలే" అన్నాడు. అక్షరకి తెలుగు చదవడం రాదు, మాట్లాడితే సగం ఇంగ్లీషు. కానీ ఆ ఒక్క మాటకి అర్థం మాత్రం ఆ పిల్లకి బాగా తెలుసు.

శనివారం పొద్దున దుప్పటి కొస పట్టుకుని లాగింది.

"తాతా, లే. ఇవాళ రెప్టైల్ ఎక్స్‌పో. ఒక్కసారి వచ్చి చూడు. ప్లీజ్. నచ్చకపోతే నో అను, ఐ విల్ నెవర్ ఆస్క్ అగెన్. బట్ చూద్దాం అనకు. యెస్ ఆర్ నో."

"కాళ్ళు లాగుతున్నాయే."

"చూడటానికి కాళ్ళెందుకు? కళ్ళు చాలు."

తాత లేచాడు. మనసులో నో అనేసుకున్నాడు. ఆ మాట పిల్ల మొహం మీద చెప్పాల్సి రావడం ఒక్కటే ఆయన బెంగ. అందుకే దారిలో ఎక్కడా నోరు విప్పకుండా, సుగుణ మామ్మ స్టీలు డబ్బాలో జంతికలు పోసుకుని, ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చున్నాడు. డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన 'సుగుణ' అన్న పేరు మీద బొటనవేలు ఆడిస్తూనే ఉన్నాడు.

భార్గవ్ ఇద్దర్నీ ఊరి అవతలున్న ఒక స్పోర్ట్స్ హాలు ముందు దింపాడు. కారు టైర్లు మార్పించాలి, మూసే వేళకి వస్తానన్నాడు. "నాన్నా, ఏదైనా గట్టిగానే చెప్పెయ్. నువ్వు చెప్తే వింటుంది" అని, పిల్లకి వినపడకుండా తండ్రి చెవిలో చెప్పి, కారు తోలుకుని పోయాడు. పెద్ద ఆఫీసరులా ఉంటాడు కానీ కష్టమైన పని ఎప్పుడూ తండ్రి మీదే పడేస్తాడు.

లోపలికి అడుగుపెట్టగానే తాత ఆగిపోయాడు. హాలు నిండా బల్లలు, బల్లల నిండా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, గాజు పెట్టెలు. వాటి ముందు జనం మూగి ఉన్నారు. చేతులనిండా పచ్చబొట్లున్న మగవాళ్ళు, తోపుడు బళ్ళలో పసిపిల్లలతో తల్లులు. ఒకడి భుజం మీద గడ్డమున్న తొండ కూర్చుని నిద్రపోతోంది. ఆ తొండకి కూడా నిలబడే అవసరం లేదు కదా అనుకున్నాడు తాత.

"అమ్మో, ఇన్ని పురుగులే!"

"ఇన్సెక్ట్స్ అటు, తాతా. ఆ టేబుల్ మీద మిడతలు అమ్ముతున్నారు."

"మిడతలు కాదే. పురుగులు." తాత పాముని పాము అనడు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని వాళ్ళమ్మ చిన్నప్పుడు నేర్పింది. వందల పాముల మధ్య నిలబడి కూడా ఆయన ఆ జాగ్రత్త వదల్లేదు.

అక్షర చేయి పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరికీ లాక్కెళ్ళింది. తాత పాముల్ని చూడటం లేదు, కుర్చీ కోసం చూస్తున్నాడు. తొండలకి దుంగలున్నాయి, కప్పలకి ఆకులున్నాయి, తాబేళ్ళకి రాళ్ళున్నాయి. మనిషి కూర్చోవడానికి మాత్రం ఆ హాల్లో ఏమీ లేదు. గోడకి ఆనుకుందామంటే గోడ పొడుగునా కూడా పెట్టెలే.

ఒక మూల పెద్ద ఐస్ పెట్టె చుట్టూ పిల్లలు క్యూ కట్టి ఉన్నారు. తాత మొహం వెలిగింది. ఐస్‌క్రీమ్ అయితే పక్కన ఎక్కడో బెంచీ ఉండి తీరుతుందని ఆయన లెక్క. క్యూలో నిలబడి, వంతు రాగానే అమ్మేవాణ్ణి మర్యాదగా అడిగాడు.

"సర్, దిస్ ఈజ్ వెజిటేరియన్?"

అతను ఒక క్షణం తాతని చూసి, సంచీ ఒకటి పైకెత్తి చూపించాడు. గడ్డకట్టిన చిట్టెలుకలు, వరసగా, మడిచి పెట్టిన మేజోళ్ళలా. "నాట్ ఈవెన్ క్లోజ్, మేట్" అన్నాడు.

తాత రెండడుగులు వెనక్కి వేశాడు. అక్షర నవ్వాపుకోలేక గోడవైపు తిరిగి నిలబడింది.

"నవ్వు నవ్వు. ఆ ఎలకలు ఎక్కడ పెడతావు? మీ అమ్మ ఇడ్లీ పిండి పక్కనా?"

"గరాజ్‌లో పాత ఫ్రిజ్ ఉంది కదా, తాతా. అమ్మకి ఓకే."

ఈ పిల్ల అన్నిటికీ సమాధానాలు తెచ్చిపెట్టుకుంది. తాతకి నీరసం వచ్చింది. ఇంకో బల్ల దగ్గర, మెడలో మఫ్లరంత పాము వేసుకున్న ఒక అబ్బాయి నవ్వుతూ ఎదురొచ్చి "పట్టుకుంటావా, మేట్?" అని దాని తోక అందించబోయాడు. "నో నో, ఐ యామ్ ఆన్ డ్యూటీ" అన్నాడు తాత. ఏం డ్యూటీయో ఆయనకే తెలీదు.

ఆఖరి వరస చివర, ఒక బల్ల వెనక ఉన్నిటోపీ పెట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. ఒక మోకాలికి బిగుతుగా పట్టీ వేసుకుంది. ఆవిడ వెనకాల మడత కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. తాత ఆ కుర్చీని, ఆకలిగా ఉన్నవాడు అన్నం పళ్ళేన్ని చూసినట్టు చూశాడు. ఆవిడ ఆ చూపు పట్టేసింది.

"ఇటు వచ్చి కూర్చో, డార్ల్. పడిపోతే మళ్ళీ నేనే లేపాలి."

డార్ల్ అంటే ఇక్కడివాళ్ళు ముద్దుగా నాయనా అన్నట్టు. ఆ మాట ఇంగ్లీషులోనే అన్నా తాతకి వెంటనే అర్థమైంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కూలబడ్డాడు. గుడ్డ కుర్చీ ఆయన్ని నడుం దాకా మింగేసింది. ఇంకొకరు చెయ్యిస్తే తప్ప అందులోంచి లేవలేడు. ఆయనకి లేవాలని కూడా లేదు.

ఆవిడ పేరు షెరిల్. బల్లరాట్ అవతల ఎక్కడో ఉంటుందట. తెల్లారక ముందే బయల్దేరి వచ్చిందట. అక్షర అప్పటికే బల్ల మీది డబ్బాల మీదికి వంగి ప్రశ్నల వర్షం కురిపిస్తోంది. షెరిల్ ఓపిగ్గా జవాబులు చెబుతోంది కానీ, ప్రతి జవాబు మధ్యలో ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. ఆ మార్చుకోవడం తాతకి బాగా తెలుసు. అది నిలబడి బతికేవాళ్ళకి మాత్రమే వస్తుంది.

"ఇది చిల్డ్రన్స్ పైథాన్, తాతా. ఐ వాంట్ దిస్ వన్."

"పిల్లల కొండచిలువా? అంటే పిల్లలు పెంచుకునేదా, పిల్లల్ని తినేదా?"

అక్షర దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే షెరిల్ గట్టిగా నవ్వింది. "చిల్డ్రన్ అనేది ఎప్పటివాడో ఒక పెద్దమనిషి ఇంటిపేరు. ఆయన పేరే దీనికి పెట్టారు. పిల్లలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎంత పెరిగినా ఒక చేతికర్ర కంటే పొడుగవ్వదు."

"తాతా, నీ పేరులోనే శేషుడు ఉన్నాడు. నువ్వు భయపడకూడదు" అంది అక్షర.

"ఆ శేషుడు దేవుణ్ణి మోస్తాడే. నీ శేషుణ్ణి నేను మొయ్యాలి."

తాత డబ్బా మూత తీసి షెరిల్ ముందు పెట్టాడు. కూర్చోబెట్టిన మనిషికి ఏమీ పెట్టకుండా ఉండటం ఆయనకి రాదు. షెరిల్ చుట్టలు చుట్టుకున్న జంతికని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నా సరుకులాగే ఉందే" అని కటుక్కున కొరికింది. మరొకటి తీసుకుంది. ఏం పని చేస్తావని అడిగితే తాత కుర్చీలోంచే విజిల్ వేసినట్టు, బోర్డు ఎత్తినట్టు చూపించాడు. "ఓ, లాలీపాప్ మ్యాన్!" అని షెరిల్ తన పట్టీ వేసిన మోకాలు తట్టి చూపించింది. తాత తన మోకాలు తట్టి చూపించాడు. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు జంతికలు నమిలారు. ఆ రోజుకి తాతకి అదొక్కటే సుఖం.

ఇంతలో అక్షర ఒక డబ్బా తెచ్చి తాత మొహం దగ్గర పెట్టింది. లోపల చెట్టుబెరడు ముక్క, దాని కింద గోధుమరంగు పాముపిల్ల ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. పక్క డబ్బాల్లోవి అటూ ఇటూ పాకుతుంటే ఇది తల కూడా ఎత్తలేదు.

"వీడు సోమరి" అంది షెరిల్. "జబ్బేం లేదు, బాగానే తింటాడు. వెచ్చగా ఉంచి, వాడి జోలికి పోకుండా ఉంటే చాలు. ఇంకేమీ అడగడు."

"తాతా! ఇట్స్ యూ!"

తాత దాన్ని చూశాడు. అది తాతని చూసిందో లేదో తెలీదు. దానికి కనురెప్పలుండవట, పడుకున్నా కళ్ళు తెరుచుకునే ఉంటాయట. ఒక్క నిమిషం తాతకి తన గదిలో ఆ ఖాళీ చోటు కళ్ళ ముందుకి వచ్చింది. అక్కడ గాజు పెట్టె, పెట్టెలో ఇది. పొద్దున లేచి పక్కకి తిరిగితే అటువైపు మామ్మ మంచం ఉండాల్సిన చోట ఇది. 

"చూద్దాంలే అమ్మడూ" అన్నాడు.

అక్షర మొహం దించేసుకుంది. డబ్బాని మెల్లిగా బల్ల మీద పెట్టేసింది.

"ఏమన్నాడు?" అంది షెరిల్.

"వీ విల్ సీ అన్నాడు. అంటే నో అని" అంది అక్షర. తలుపు వైపు నడిచిపోయింది.

తాత కుర్చీలోంచి లేవడానికి షెరిల్ చెయ్యిచ్చింది. నో అనే మాట నోటితో అనకుండానే గండం గడిచింది కానీ, ఆయనకి కొంచెం కూడా తేలిగ్గా లేదు. అంతసేపు కూర్చోబెట్టిన మనిషి దగ్గర సెలవు తీసుకోకుండా పోవడం మర్యాద కాదు. రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన ఇంగ్లీషులో జాగ్రత్తగా చెప్పాడు.

"థాంక్యూ, మా. ఐ విల్ గో అండ్ కమ్."

"సరే డార్ల్, ఇక్కడే ఉంటాను" అంది షెరిల్.

ఎంత మంచి మనిషి అనుకుంటూ తాత కుంటుకుంటూ బయటికి వచ్చాడు.

బయట గేటు పక్కన మోకాలెత్తు ఇటుక గోడ ఉంది. అక్షర దాని మీద కూర్చుని బూటుతో మట్టి తవ్వుతోంది. తాత పక్కన కూర్చున్నాడు. గోడ మంచుగడ్డలా ఉంది. భార్గవ్ ఇంకా రాలేదు. కార్ల మధ్య నుంచి గాలి కొడుతోంది.

"కోపమా?"

"నో."

"మరి మాట్లాడవేం?"

"ఐ ప్రామిస్డ్ ఐ వోంట్ ఆస్క్. సో అడగట్లేదు."

తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. తాత చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. దాటించడానికి పిల్లలు లేని రోడ్డు చూస్తే ఆయనకి ఏం చెయ్యాలో తోచదు. ఏదో ఒకటి చెయ్యాలని ఒళ్ళో చేత్తో వెతికి, ఉలిక్కిపడ్డాడు.

"డబ్బా ఏదీ?"

జంతికల డబ్బా షెరిల్ బల్ల మీదే ఉండిపోయింది. మామ్మ పేరున్న డబ్బా. అక్షర లేచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"తాతా! నువ్వు ఆవిడతో ఏం చెప్పావ్?"

"ఏం చెప్పానే?"

"ఆ స్నేక్‌ని టేబుల్ కింద దాచిపెట్టింది. ఎవరికీ అమ్మట్లేదు. ఒక ఫ్యామిలీ అడిగితే, నో, జంతికల తాత తిరిగి వస్తానన్నాడు, డబ్బా కూడా ఇక్కడే పెట్టి వెళ్ళాడు అని వాళ్ళని పంపేసింది. డిడ్ యూ సే యూ ఆర్ కమింగ్ బ్యాక్?"

"నేనెక్కడన్నాను! వెళ్ళొస్తానన్నాను, అంతే."

"ఇంగ్లీషులో ఏమన్నావ్?"

"ఐ విల్ గో అండ్ కమ్."

అక్షర రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "తాతా! దట్ మీన్స్ యూ ఆర్ కమింగ్ బ్యాక్!"

"ఏడ్చినట్టే ఉంది. మరి ఏమనాలి?"

"బై అనాలి. లేదా ఐ యామ్ గోయింగ్ అనాలి."

"వెళ్తాననా? ఛ, అలా ఎవరైనా అంటారటే? గుమ్మం దాటే మనిషి వెళ్తాను అనకూడదు."

 తాత గోడ మీద చెయ్యి ఊని లేచాడు. ఒక మనిషి తన మాట పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆవిడ మోకాలికి పట్టీ కూడా ఉంది. వెళ్ళి తప్పయిపోయింది అని చెప్పాలి, డబ్బా తెచ్చుకోవాలి. హాలు ఆ చివర్నుంచి ఈ చివరకి ఇంత దూరమా అనుకున్నాడు. కాళ్ళు ఇందాకటి కంటే బరువుగా ఉన్నాయి.

లోపల జనం పల్చబడ్డారు. అందరూ పెట్టెలు సర్దుకుంటున్నారు. షెరిల్ బల్ల దాదాపు ఖాళీగా ఉంది. తాత కనపడగానే కిందికి వంగి, మోకాలు పట్టుకుని మూలుగుతూ లేచి, రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. ఒకటి స్టీలుది. ఒకటి ప్లాస్టిక్‌ది.

"వస్తావని నాకు తెలుసు" అంది. "చెప్పి రాని రకం కాదు నువ్వు."

తాత నోరు తెరిచాడు. "నో, మా. ఇన్ అవర్ లాంగ్వేజ్…" అని మొదలుపెట్టాడు. ఆపైన మాటలు దొరకలేదు. మనవరాలి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవే. మన మాట ఏంటో సరిగ్గా చెప్పు."

అక్షర ప్లాస్టిక్ డబ్బా వైపు ఒకసారి చూసింది. ఏమీ చెప్పకపోతే చాలు, అది తనదైపోతుంది. ఆ సంగతి తాతకి తెలుసు. పిల్లకి ఇంకా బాగా తెలుసు. బూటు కొసలకేసి చూస్తూ, చెప్పలేక చెప్పలేక ఇంగ్లీషులో చెప్పింది.

"తెలుగులో వెళ్తున్నాను అనరు. అది బ్యాడ్ లక్. అందుకని వెళ్ళొస్తాను అంటారు. గో అండ్ కమ్ అని. అది బై లాంటిది. ఊరికే అంటారు." ఒక బూటుతో ఇంకో బూటు తొక్కింది. "ఈవెన్ ఇఫ్ దే ఆర్ నాట్ కమింగ్ బ్యాక్."

షెరిల్ "ఓహో" అంది. నొచ్చుకోలేదు. "పోనీలే, ఫరవాలేదు. వీణ్ణి నాతోనే తీసుకుపోతాను" అని ప్లాస్టిక్ డబ్బా వైపు చెయ్యి చాచింది.

కానీ తాత ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాడు. నాట్ కమింగ్ బ్యాక్. ఆ ఇంగ్లీషు ఆయనకి పూర్తిగా అర్థమైంది.

మామ్మని ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు పొద్దున ఇంటి ముందు అంబులెన్స్ తలుపులు తెరిచి ఉన్నాయి. సుగుణ మామ్మ పడుకునే తల తిప్పి, మొహం మీది గొట్టం పక్కకి జరిపి, "వెళ్ళొస్తానండీ, పొయ్యి మీద పాలున్నాయి" అంది. తాత పాలు దించడానికి లోపలికి పరిగెత్తాడు. బయటికి వచ్చేసరికి బండి వీధి మలుపు తిరుగుతోంది. రాలేదు. కానీ మామ్మ ఊరికే అనలేదు. రాకపోయినా అనేస్తే సరిపోతుందని అనలేదు. వస్తాననే అంది. పాల సంగతి చెప్పింది మరి.

"అలా కాదే" అన్నాడు తాత.

"వాట్?"

"తప్పు చెప్పావు. రాకపోయినా అనే మాట కాదు అది." షెరిల్ వైపు తిరిగాడు.  "నో, మా. నాట్ లైక్ దట్. వీ సే గో అండ్ కమ్ అంటే, వీ కమ్. కమింగ్ ఓన్లీ."

షెరిల్ ఆయన మొహం కేసి చూసింది. డబ్బా మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"అయితే వద్దామనే అన్నావా?"

తాతకి ఇంకా చెప్పాలని ఉంది, ఇంగ్లీషు అయిపోయింది. కాళ్ళు అయిపోయాయి. ఆ మాటని అబద్ధం చేసి ఉత్త చేతుల్తో ఆ తలుపులోంచి మళ్ళీ బయటికి పోయే ఓపిక ఆయనకి లేదు.

"ఐ కేమ్, నో?" అన్నాడు. తర్వాత అక్షరతో, "నో అననులేవే పిచ్చిపిల్లా. యెస్. తీసుకో. మీ నాన్నకి ఫోన్ చెయ్. కారులో హీటరు వేసి ఉంచమను, వీడికి చలేస్తుంది" అన్నాడు.

అక్షర తాత నడుం చుట్టూ చేతులు వేసి అతుక్కుపోయింది. "ఒసే ఒసే, మోకాళ్ళు" అని తాత బల్ల పట్టుకున్నాడు. షెరిల్ కుర్చీ విప్పి మళ్ళీ ఆయన వెనక పెట్టింది. పాముని ఎలా చూసుకోవాలో అక్షరకి చెప్పినంతసేపూ తాత ఆ కుర్చీలోనే కూర్చుని, ఒళ్ళో ఒక పక్క స్టీలు డబ్బా, ఒక పక్క ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. రెండోదాన్ని కొంచెం దూరంగానే పట్టుకున్నాడు. మిగిలిన జంతికలన్నీ షెరిల్‌కి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

వెళ్ళేటప్పుడు షెరిల్ చెయ్యి ఊపుతూ "గో అండ్ కమ్, డార్ల్" అంది. తాత వెనక్కి తిరిగాడు. ఆ మాట ఉన్నవాళ్ళు అనకూడదనీ, వెళ్ళేవాళ్ళు అనాలనీ ఈవిడకి ఎవరు చెప్తారు? పోనీలే అని "యెస్ మా" అన్నాడు.

భార్గవ్ కారు తలుపు తీసి డబ్బా చూసి, తండ్రిని చూసి, మళ్ళీ డబ్బాని చూశాడు.

"నాన్నా! నువ్వు గట్టిగా చెప్తావనుకున్నాను."

"గట్టిగానే చెప్పాను. నువ్వు డ్రైవ్ చెయ్."

గాజు పెట్టె ఆ ఆదివారమే గదిలోకి వచ్చింది. మంచం తీసేసిన చోటే సరిగ్గా సరిపోయింది. తాత పెట్టిన షరతు ఒక్కటే, దాని భోజనం తన కళ్ళబడకూడదని. పాముపిల్ల కొత్త బెరడు కింద దూరి చుట్ట చుట్టుకుంది. రాత్రి తాత అటు తిరగకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాస్త నిద్ర పట్టాక అలవాటు కొద్దీ పెట్టె వైపే తిరిగిపోయాడు.

సోమవారం పొద్దున బయట గడ్డి మీద తెల్లగా మంచు పడి ఉంది. తాత కోటు తొడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, విజిల్ మెడలో వేసుకున్నాడు, మూలనున్న బోర్డు తీసుకున్నాడు. మోకాళ్ళు అప్పుడే సణుగుతున్నాయి. గుమ్మం దగ్గర ఆగాడు. మామ్మ పోయినప్పట్నుంచీ ఈ గదిలోంచి వెళ్ళేటప్పుడు ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరూ లేరు. వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు. బెరడు కింద నుంచి గోధుమరంగు మెలిక ఒకటి కనిపిస్తోంది.

"వెళ్ళొస్తాను" అన్నాడు, బాగా చిన్న గొంతుతో.

అది తల ఎత్తలేదు.

నోట్లో బ్రష్షుతో అక్షర మెట్ల మీద నిలబడి ఉంది. "తాతా, ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరితోనూ కాదు. నేను వెళ్ళాక ఆ గది తలుపు వేసి ఉంచు. వేడి పోతుంది."